ఆమేన్‌తో నెగ్గిన తీర్మానం

నల్లా నీళ్ళు తెల్లవారకముందే విడువవలెనన్న తీర్మానాన్ని ఆ ఉదయం రెండవసారి నెగ్గించుకొని, అటునుండి అటే చెరకు కోతకు పోవలెనని వార్డు సభ్యురాలు బాలవ్వ సంకల్పించింది. ఎడపల్లి దాపునున్న ఆ చిన్న ఊరిలో నీళ్ళు పొద్దెక్కిన తరువాతనే వచ్చేవి. అప్పటికి కోత స్త్రీలు చేలల్లో, వారి బిందెలు గడపల్లో ఉండేవి. సభ్యులందరూ ఒప్పుకొన్న ఆ తీర్మానాన్ని సర్పంచ్ శాంతి కుమార్ అభ్యంతరాలున్నవని తిప్పిపంపాడు.

"ఆయనేమన్న అననీ, మనం ఎనుకకు పోవద్దు," అని బాలవ్వ పంచాయతీ మెట్లమీదనే తోటివారిని హెచ్చరించింది.

"ఎట్ల పోతమవ్వా!" అన్నది తోటి సభ్యురాలు ఎస్తర్.

శాంతి కుమార్ ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పే పెద్దమనిషి. సభ్యుల్లో లింగవ్వ తప్ప అందరూ ఆ చర్చివారే. సభ మొదలుకాగానే ఆయన లేచి, కన్నులరమోడ్చి, చర్చిలో వలెనే గంభీరస్వరంతో అందుకొన్నాడు: "మోటరు కాలిపోవును! కరెంటు చాలకపోవును! కావున ఈ తీర్మానము ఆగిపోవును గాక!"

"ఆమేన్!" అన్నారు సభ్యులు, ఏళ్ళ అలవాటు కొద్దీ. బాలవ్వ కూడా అన్నది.

"అభ్యంతరాలు ఏకగ్రీవంగా మంజూర్," అన్నాడు కార్యదర్శి భానుప్రసాద్.

"అరె, గది అలవాటుకొద్ది అన్నం సార్!" అన్నది ఎస్తర్.

"అయితే చర్చిల గూడ అలవాటుకే అంటవా?" అన్నాడు సర్పంచ్. ఎస్తర్ నాలుక కరచుకొన్నది.

బాలవ్వ చూపు లింగవ్వ మీద పడింది. "నువ్వు గుడికి పోయేదానివి, నువ్వెందుకన్నవే?"

"అందరంటుంటే నేనొక్కదాన్ని అనకుంటే ఏం బాగుంటదక్కా!"

"ఆమేన్ అంటే అట్లే కానీ అని. అన్నంక తిరుగులేదు," అని సర్పంచ్ తేల్చివేశాడు. "ఇగ ప్రార్థన చేసి లేద్దాం. ఎవరు చేస్తరు?"

బాలవ్వ చేతులు జోడించి లేచింది. "ప్రభువా, మా సర్పంచును దీవించు." శాంతి కుమార్ వినయంతో తల వంచాడు. "ఆయనకు మంచి మనసిచ్చినవు, స్తోత్రం. కోతకు పోయే ఆడోళ్ళ బిందెలు సూడు తండ్రీ. రేపటి సంది నల్లా తెల్లారకముందే ఇడుస్తరు. మోటరు కాలితే పంచాయతే బాగుచేపిస్తది. గీ తీర్మానం నిలుచును గాక!"

"ఆమేన్!"

అందరికంటె గట్టిగా పలికిన కంఠం సర్పంచ్‌ది. ఆయన కన్నులు తెరిచేసరికి సభ యావత్తూ ఆయననే చూస్తున్నది.

"ఏం రాయమంటరు సాబ్?" అన్నాడు భానుప్రసాద్.

శాంతి కుమార్ కాసేపు మోటరును, కాసేపు మోక్షాన్ని తలచుకొన్నాడు. "రాయి," అన్నాడు.

తమ మాటను తామే నిలుపుకొన్న ఆ సభ్యులు తలలెత్తుకొని మెట్లు దిగారు. మరునాడు చీకటి ఉండగానే నల్లాలు పలికాయి.

అప్పటినుండి శాంతి కుమార్ అభ్యంతరాలేమైనా ఉంటే కూర్చుండి, కన్నులు తెరిచి, వాడుకభాషలో చెబుతున్నాడు.