పళ్ళ డాక్టరుగారి విహారయాత్ర

నగరంలో కాపురముండే దంపతులు నెలకొక్క ఆదివారమైనా ప్రశాంతంగా గడిపి తీరాలని డ్రాయింగు టీచరు తీర్మానం ప్రవేశపెట్టింది. ఆమె భర్త పళ్ళ డాక్టరుగారు దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆ సమయంలో ఆయన చూపు ఆమె ముఖం మీద కాక పలువరుస మీద ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే.

టీచరు ఆయనకి ఒక మాట చెప్పాలి. నగరం అవతలి కొసన కట్టిన కొత్త బడికి ఆమెను హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మన్నారు. సోమవారం జవాబివ్వాలి. ఇంట్లో చెబుదామంటే కిందే క్లినిక్. ఈమె నోరు తెరిచేసరికి అక్కడ ఎవరో ఒకరు నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంటారు. అందుకే సరస్సుకి ప్రయాణం కట్టింది.

సరస్సు దగ్గర నిశ్శబ్దం దొరుకుతుందన్న సంగతి నగరం మొత్తానికి ఒకేసారి తెలిసిపోవడంతో, ఊరు ఊరంతా హారన్లు మోగించుకుంటూ నిశ్శబ్దం కోసం బయల్దేరింది. ఒడ్డున ఒకాయన "ప్రశాంతత పాటించవలెను" అని మైకులో గొంతు చించుకుంటున్నాడు. జనం సరస్సుకి వీపు పెట్టి సరస్సుతో ఫోటోలు దిగుతున్నారు.

ఎలాగో ఓ బెంచీ సంపాదించి టీచరు భర్తను కూర్చోబెట్టింది. "ఏమండీ, మీతో ఒక మాట..."

"డాక్టరుగారూ, మీరా!" అంటూ పై అంతస్తులో ఉండే బ్యాంకు మేనేజరు దవడ పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు. "దేవుడల్లే కనిపించారు. ఒక్క క్షణం."

డాక్టరుగారు ఫోను లైటు వేసి చూశారు. అది పక్కవాళ్ళు చూశారు. ఏదో ఉచితంగా ఇస్తున్నారని వెనక్కి కబురు పాకింది. ఏమిస్తున్నారో తెలియకపోయినా వరస కట్టడం పౌరధర్మం కనక అందరూ కట్టారు. పడవ ఎక్కినవాళ్ళు కూడా దిగి వచ్చారు.

"లేవండి, వెళ్దాం" అంది టీచరు.

"పాపం, ఇంత దూరం వచ్చారు, ఎలా కాదంటాం?" అన్నారు డాక్టరుగారు, చూస్తున్న నోట్లోంచి తల తిప్పకుండా.

ఆమె వెళ్ళి వరస చివర నిలబడింది. ఎండ వాలేసరికి వంతు వచ్చింది.

"ఎప్పట్నుంచి బాధ?" తల ఎత్తకుండానే అడిగారాయన.

"పెళ్ళయినప్పట్నుంచి."

"బాగా అశ్రద్ధ చేశారు."

వెనకనుంచి ఓ పెద్దమనిషి కసిరాడు. "తొందరగా కానివ్వమ్మా, మేమూ సంసారాలున్నవాళ్ళమే!"

డాక్టరుగారు అప్పుడు తలెత్తారు. "నువ్వా! మనది ఇంటికెళ్ళాక చూద్దాంలే. ముందు వీళ్ళని పంపనీ."

టీచరు ఒడ్డుకి వెళ్ళింది. జనమంతా వరసలో ఉండటంతో అక్కడ నరపురుగు లేదు. కాసేపు నవ్వుకుంది, కాసేపు ఏడుపొచ్చింది, తర్వాత ఊరికే నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. సరస్సు నిజంగానే బాగుంది. లేచి చీర దులుపుకునేసరికి జవాబు సిద్ధమైంది. సోమవారం వెళ్ళి ఉద్యోగంలో చేరిపోయింది.

నెల తిరక్కుండానే కాలనీ సంఘం డాక్టరుగారికి సన్మానం చేసింది. "సెలవు దినమున సైతం ప్రజల నోళ్ళకు అంకితమైన త్యాగమూర్తి! ఇంతటి అన్యోన్య దాంపత్యం మనందరికీ ఆదర్శం!" అని ఉపన్యసించి, అధ్యక్షుడు టీచరును రెండు ముక్కలు మాట్లాడమన్నాడు.

ఆమె మైకు అందుకుంది. "ఏమండీ, నేను హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. నెల కావస్తోంది."

"అదేమిటే! రోజూ ఆలస్యమవుతుంటే ట్రాఫిక్ అనుకున్నానే!" డాక్టరుగారు కుర్చీలోంచి లేచిపోయారు.

సభ పగలబడి నవ్వింది. మొగుడూ పెళ్ళాలు ముందే కూడబలుక్కుని ఎంత చక్కగా ఆడారోనని మెచ్చుకుంది. ఇళ్ళకు మళ్ళేటప్పుడు మాత్రం దారి పొడుగునా ఏ భర్తా తన భార్యను ఏమీ అడగలేదు, ఏం బయటపడుతుందోనని.