రెండతుకుల మహాసంగ్రామము

వినుడు, తెల్లని దుప్పటి ముసుగుతన్ని గుర్రుపెట్టు సుఖజీవులారా! దినకరుండు మేడల అంచులపై తొలికిరణము మోపుచుండ, వీధికుక్కలు ఒడలు విరుచుకొనుచుండ, సబ్బునురుగుల పరిమళముతోను ఆవిరిమేఘముల ఆర్భాటముతోను నిత్యము ఉక్కిరిబిక్కిరియగు ఒకానొక లాండ్రీ వెనుకగదిలో, లోహకాయుండును కాష్ఠభక్షకుండును ఘర్ఘరఘోషణుండును అగు బాయిలరు కొలువుదీరి యుండెను. వాని నెత్తినుండి కప్పుదాక రేకు పొగగొట్టము. ఆ గొట్టమునకు రెండతుకులు. అతుకులకు మెత్తిన పాత సిమెంటు రాలిపోగా, ఆ సందులనుండి పొగ వెలువడి, ఆరవేసిన దుప్పట్లపై మసి చల్లుచుండెను.

ఆ గదికి ఏలిక లాండ్రీ యజమానురాలి మగడు. యౌవనమున సగము ఊరికి రేకుల కప్పులు వేసి, వానను ముప్పుతిప్పలు పెట్టిన మేస్త్రీ. మోకాలు మొరాయించి నిచ్చెన దిగిననాటినుండి ఆయనకు మిగిలిన రాజ్యము ఆ బాయిలరొక్కటే. దుప్పట్లు ఉతుకనిచ్చు హోటలువారు మసి మరకలను చూపి గొణిగినంతనే ఇల్లాలు నడుమున చేతులుంచి తీర్పు చెప్పెను.

"ఏవండీ, ఇంకొక్క దుప్పటి మీద మసి పడిందా, ఫిట్టర్ని పిలుస్తాను. ఇక బాయిలరు కూడా అతనే చూసుకుంటాడు. మీరు కౌంటర్లో కూర్చుని చీటీలు చింపుదురు గాని."

చీటీలు! కప్పులపై సంచరించిన పాదములు కౌంటరు కింద ముడుచుకొని కూర్చుండుటయా! వీరుండు గనుక ఆయన, చల్లారిన బాయిలరు ముందు నిలిచి, పానా పైకెత్తి గర్జించెను.

"ఓరి ధూమోద్గారీ! రజకకులకంటకా! నీ సంధిబంధములను భేదించి, క్షాళించి, లేపనమొనర్చి, నీ నోరు మూయించకున్న నేను మేస్త్రీనే కాను!"

"దానికి చెవుల్లేవండీ. ముందు ఆ బోల్టు విప్పండి" అనెను ఇల్లాలు.

పిమ్మట జరిగిన సమరమును ఏమని వర్ణింతును! గొట్టములు ఊడెను. ఏళ్లనాటి మసి నెత్తిన కురిసెను. తీగబ్రష్షు కరకరలాడ, ఉప్పుకాగితము గరగరలాడ, వీరుని తుమ్ములకు కిటికీ అద్దములు గజగజలాడ, తుప్పు సమూలముగా నిర్మూలితమయ్యెను. అప్పుడాయన ఒక ఘోరము కనుగొనెను. పై గొట్టపు సన్నని మూతి కింది గొట్టము లోపలికి దూరియున్నది!

"ఎవడే ఈ తెలివితక్కువవాడు? పై రేకు కింది రేకును కప్పాలి. లేకపోతే కారదూ?"

ఇట్లు పలికి, గొట్టములను తలక్రిందులు చేసి, పైదానిని కిందిదానిపై టోపీవలె తొడిగి, వేడికి ఓర్చు సిమెంటు దట్టముగా మెత్తి, మసిమీసము దువ్వెను.

మరునాడు మంట రగిలెను. పొగ రాలేదు. వీరుండు ఛాతీ విరుచుచుండగనే అతుకునుండి నల్లని చుక్క యొకటి జారి, ఇల్లాలి చేతిలోని దిండుగలీబుపై టప్పున పడెను.

ఆమె ఫోను తీసి ఫిట్టరుతో మాట్లాడెను. "ఫిట్టరు రేపు పొద్దున్నే వస్తాడట. అప్పటిదాకా మీ ఇష్టం."

ఆయన ప్రాణము ఉసూరుమనెను. స్టూలుపై కూలబడి చుక్కలను చూచుచుండెను. అవి గొట్టములోపలినుండి, వాన చూరున జారినట్లే జారుచున్నవి. పొగలోని తడి చల్లబడి నీరై దిగుచున్నది. కప్పువేసినవాని కన్ను ఒక్కసారిగా మెరిసెను.

"ఒసేయ్, వాన లోపల కురుస్తోందే! అంటే పై మూతి కిందిదాని లోపలుంటేనే నీరు బయటికి కారదు, ముందే సరిగ్గా ఉంది. ఆ తెలివితక్కువవాణ్ణి నేనే!"

నిప్పు ఆర్పి, గొట్టము చల్లారగనే మరల విప్పి, గీకి, సన్నని మూతిని మునుపటివలె కింది గొట్టములోనికి దింపి, క్రొత్త సిమెంటు మెత్తెను. తడియారకముందే మంట పెట్టినచో సిమెంటు బీటలువారును. కనుక ఆయన అగ్గిపెట్టెను ఇల్లాలి చేతికిచ్చి, "నేనడిగినా ఇవ్వకు" అని వేడుకొనెను. మూడుమార్లు అడిగెను. ఆమె ఇవ్వలేదు.

తెల్లవారెను. ముందు చిన్నమంట, పిదప పెనుమంట. ఇల్లాలు లాండ్రీలోకెల్ల తెల్లనిదగు దుప్పటిని ఏరి, అతుకుల క్రింద రెండు చేతుల పరచి పట్టుకొనెను. నీరు మరిగెను. చుక్క లేదు. ఆవిరి బుసకొట్టెను. చుక్క లేదు. ఇద్దరును ఊపిరి బిగబట్టి నిలిచిరి.

వీధిగుమ్మమున ఫిట్టరు కేకవేసెను. "అమ్మా, బాయిలరు చూడాలన్నారు?"

ఆమె దుప్పటినుండి చూపు మరల్చక బదులుపలికెను. "అక్కర్లేదు బాబూ. మాకు మేస్త్రీ ఉన్నారు."

ఆ మాట విని ఆ మసిమొగమువాడు పసివానివలె నవ్వి, ఆనందబాష్పములు తుడుచుకొనుటకై చేతికందిన గుడ్డను లాగెను.

"అయ్యో, దుప్పటి! దుప్పటి వదలండి!"

ఇట్లు ధూమాసురమర్దనుండు, సంధిబంధనధురంధరుండు అగు ఆ మహావీరుండు రెండతుకులను జయించి, ఒక దుప్పటిని చేజేతుల మసిచేసి, దానిని తానే ఉతుకుటకు వేడినీటి తొట్టికడకు విజయయాత్ర సాగించెను. అయినను ఆ దుప్పటిపై గొట్టము చల్లిన మసి మాత్రము రవ్వంతయు లేదు!