తీగ తెగిన బిర్యానీ

గ్యాస్ బండ చుట్టం వచ్చిన పూటే అయిపోవాలన్నది ప్రకృతి నియమం. దానికి కట్టుబడి, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై కూర్మన్నపాలెంలో ఉంటున్న భీమశంకరరావుగారింట్లో, ఎలమంచిలి నుంచి బావమరిది మోహన్ దిగగానే బండ ఖాళీ అయింది. మోహన్‌కి సాయంత్రం రైలు. (తమ్ముడు పస్తుతో వెళ్తే భార్య గౌరీశ్వరి వేసే శిక్షకు చట్టంలో పరిమితి లేదు.) యాప్‌లో బిర్యానీ ఆర్డరు పెట్టారు.

భీమశంకరరావుగారు ఆ వారమే తొలి తరం ట్యాంకు విధ్వంసక క్షిపణుల వీడియోలు చూసి శాస్త్రవేత్త అయ్యారు. ఆ క్షిపణి తోక నుంచి సన్నటి తీగ విచ్చుకుంటూ పోతుంది. వదిలినవాడు తోక దగ్గరి మంటను చూస్తూ, చేతిలోని పిడితో ఎడాపెడా తిప్పుకుంటూ ట్యాంకు దాకా నడిపించాలి.

"డెలివరీ కూడా అంతేనోయ్. వదిలేత్తే సరిపోదు, నడిపించాల."

"ఆడికి మ్యాప్ ఉంది కద బావా," అన్నాడు మోహన్, పొట్ట తడుముకుంటూ.

"మ్యాప్‌కి కళ్ళుంటాయేటి?"

ఫోన్ మోగింది. "సార్, డెలివరీ ఫారూఖ్‌ని. మీ మెట్లకాడే..."

"కదలకు! నాను సెప్తాను." భీమశంకరరావుగారు నాలుగో అంతస్తు బాల్కనీలోకి ఉరికారు. "బ్రేకు నొక్కే ఉంచు. ఎనక లైటు నాకు కనపడాల."

"బ్రేకు నొక్కితే బండెలా ఎల్తాది సార్?"

"నొక్కుతా వదుల్తా రా! ఎడమకి... ఎక్కువైపోనాది, కుడికి! ఇంకా కుడికి!"

ఎక్కువ తిప్పేసి, దాన్ని సరిదిద్దబోయి ఇంకా ఎక్కువ తిప్పడం ఆ కాలపు సైనికుల జబ్బు. మరీ దగ్గరి లక్ష్యాన్ని కొట్టలేకపోవడం ఆ క్షిపణుల పుట్టు లోపం. రెండూ కూడబలుక్కుని వచ్చాయి. పైగా అపార్ట్‌మెంట్ సంఘం నియమావళి, పదకొండో క్లాజు ప్రకారం బ్లాకుల మీద పేర్లు రాయరాదు (గోడల అందం పోతుంది). బండి ఎదురు బ్లాకు ముందు ఆగింది. కాల్ కట్టయింది. క్షిపణి భాషలో, తీగ తెగింది. ఫారూఖ్ ఆ బ్లాకు నాలుగో అంతస్తే ఎక్కి పొట్లం ఇచ్చేశాడు.

'డెలివరీ విజయవంతం' అంది యాప్. అతను కిందికి దిగేలోగానే ఎదురు బ్లాకు నాలుగో అంతస్తు బాల్కనీలోంచి అర్జునరావుగారు కోడి కాలు పట్టుకున్న చేత్తోనే పలకరింపుగా ఊపారు. (వచ్చిన బిర్యానీని ఎవరిదని అడగడం ఆయనింటి మర్యాద కాదు.)

"ఏటయ్యా ఇది?" కింద బండెక్కబోతున్న ఫారూఖ్ మీద భీమశంకరరావుగారు పైనుంచి అరిచారు.

ఫారూఖ్ తలెత్తాడు. "మ్యాప్ మీ మెట్లకాడికే తెచ్చినాది సార్. మీరే తిప్పేసినారు."

"ట్యాంకు పేలిపోనాదేటండీ?" అని గౌరీశ్వరి మెల్లగా అడిగింది.

మోహన్ గ్లాసెడు మజ్జిగ తాగి రైలుకి పరిగెత్తాడు.

ఫోను చేతిలో ఉండగా నోరు మూసుకుని కూర్చునే విధానం తెలిసిన పాఠకులెవరైనా ఉంటే, దయచేసి భీమశంకరరావుగారికి తెలియజేసి పుణ్యం కట్టుకోవలసిందిగా ప్రార్థన. తొందర ఉంది. మోహన్ వచ్చే ఆదివారం మళ్ళీ వస్తున్నాడు. క్యారేజీ తనే తెచ్చుకుంటాడట.