పేర్లు చెప్పొద్దన్న కథ

శంషాబాద్ బస్టాండు పక్కన పెట్టెలు, బ్యాగులు అమ్మే కుర్మయ్య ఆ ఆదివారం పొద్దున ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. ఆరాధన మొదలయ్యేలోపు చర్చికి వెళ్లి, ఆడపిల్లల సండే స్కూలు తనవల్ల కాదని పాస్టరుగారికి చెప్పి చేతులు దులుపుకోవాలి. అమ్ముడుపోని సరుకును ఆరు నెలలకు మించి షాపులో ఉంచకూడదన్నది ఇరవై ఏళ్లుగా అతని నియమం. ఈ క్లాసుకు ఆరు నెలలు నిండాయి.

అతను ఊరికే కూర్చోలేదు. పదమూడు నుంచి పదిహేడేళ్ల వయసున్న పన్నెండు మంది పిల్లలకు మొదటి నెలలోనే గులాబీరంగు జిప్పు సంచులు కుట్టించి, బైబిళ్లు అందులో పెట్టుకోమన్నాడు. పిల్లలు సంచుల్లో దువ్వెనలు పెట్టుకుని, బైబిళ్లు ఇంట్లో వదిలి వచ్చారు. తర్వాత మెరుపు స్టిక్కర్లు పంచితే అవి ఫోన్ల వెనక అతుక్కున్నాయి. వాక్యం కంఠస్థం చేసినవాళ్లకు పెన్ను అంటే, పెన్ను చేతికి రాగానే వాక్యం మరచిపోయారు. గల్ఫుకు పోయేవాడికి కావలసినదానికన్నా ఒక సైజు పెద్ద పెట్టె అంటగట్టగల కుర్మయ్యకు ఇది చిన్నతనమనిపించింది.

చర్చి మెట్ల దగ్గర పన్నెండు తలలూ ఒక్కచోట చేరి ఉన్నాయి. నడుమ కూర్చున్నది మామిడిపల్లి పిల్ల కెజియా. పదిహేనేళ్లు ఉంటాయి. తమ గల్లీలో ఎవరో ఒకామె మొగుడికి తెలియకుండా మేకను అమ్మేసి, అది దానంతటదే ఇంటికి తిరిగొస్తే ఏం చేసిందో చెబుతోంది. ఆమె ఎవరో చెప్పదు. సరిగ్గా మొగుడు గుమ్మంలో అడుగు పెట్టే చోట ఆపి, నీళ్ల సీసా మూత తీసి నింపాదిగా తాగింది. పిల్లలు గగ్గోలు పెట్టారు. కుర్మయ్య కూడా మెట్టు మీదే నిలబడిపోయాడు. మేక సంగతి తేలకుండా పాస్టరు దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు.

అప్పుడు అతనికి తన వ్యాపారం గుర్తొచ్చింది. పెట్టె అమ్మేవాడు కంపెనీ పేరుతో మొదలుపెట్టడు. జిప్పు సగం తీసి గిరాకీ ముందు పెడతాడు. మిగతా సగం గిరాకీయే తీసుకుంటాడు. తను ఆరు నెలలుగా పెట్టెకు రంగులు వేస్తున్నాడు తప్ప జిప్పు తీయలేదు.

రాజీనామా అక్కడే రద్దయింది. ఆ మధ్యాహ్నమే పిల్లలకు వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టించి, ‘తర్వాతేమైంది’ అని పేరు పెట్టాడు. షరతులు మూడు. బైబిల్లోని సంగతిని మన గల్లీలో జరిగినట్టే చెప్పాలి. పేర్లు చెప్పొద్దు, ఎందుకంటే పేరు వింటే ఇది పాఠమని తెలిసి ఆవలింత వస్తుంది. ముడి పడ్డచోట ఆపేయాలి. అధ్యాయం అంకె మర్నాడు పొద్దున ఇస్తారు, తర్వాతేమైందో కావాలంటే పుస్తకం తెరుచుకోవాలి.

మూడు వారాల్లో అతను ఊహించనిది జరిగింది. మొగుడు పోయినా అత్తను వదలనన్న కోడలి కథకు నలుగురు పిల్లలు ఏడ్చారు. పిలవకుండా రాజు ముందుకు వెళితే ప్రాణం పోతుందని తెలిసీ వెళ్లిన రాణి కథను ఆపినప్పుడు, మర్నాడు అంకె ఇచ్చేదాకా ఆగలేక ఏడుగురు పుస్తకమంతా గాలించి వాళ్లే పట్టుకున్నారు. ఆ గాలింపులో దారి తప్పి ఇంకో మూడు కథలు చదివారు. అడగకుండానే అదనపు సరుకు ఎత్తుకుపోయే గిరాకీని కుర్మయ్య అదే మొదటిసారి చూడటం.

ఇదే సమయంలో అతని నెత్తిమీద ఇంకో బాధ్యత ఉంది. కొత్వాల్‌గూడలో ఆకుకూరలు పండించే ఈశ్వరయ్య చిన్న కూతురు మనీషాకు సంబంధం కుదిర్చింది అతనే. ఈశ్వరయ్యకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి దవాఖానలో నర్సు, మందపాటి కళ్లద్దాలు పెట్టుకుంటుంది. ఒక పరీక్ష రాసేదాకా తనకు పెళ్లి వద్దని, ముందు చెల్లెలిది కానివ్వమని ఆమే చెప్పింది. పెళ్లికొడుకు ఆరాంఘర్‌లో ఉండే మల్లేశ్వర్ చిన్నకొడుకు జీవన్. ఎయిర్‌పోర్టులో పర్మినెంటు ఉద్యోగమన్నారు. చూపులకు యూనిఫాం కోటు తొడుక్కునే వచ్చాడు. ఈశ్వరయ్య ఆ కోటు భుజం వేళ్లతో తడిమి, అసలు సరుకేనన్నట్టు తల ఊపాడు. కోటు చేతులు జీవన్ వేళ్లదాకా దిగి ఉండటం కుర్మయ్య చూశాడు. ఈ కాలం పిల్లల ఫ్యాషన్ అనుకుని ఊరుకున్నాడు. రెండువైపులా మాట తనదే. ఈ సంబంధం చెడితే మళ్లీ ఎవరూ తన మాట కొనరు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ప్రధానం, అంటే నిశ్చితార్థం.

బుధవారం కథ చెప్పే వంతు కెజియాది. ఇంటి వెనక కూర్చుని ఫోన్లోకి మాట్లాడింది.

“వినుండ్రి. మన దిక్కే ఒకాయన ఉన్నడు. ఇద్దరు బిడ్డలు. చిన్నామె మస్తుంటది, పెద్దామెకు కండ్లు జర ఆనవు. ఒక పిలగాడు చిన్నామె మీద మనసు పడ్డడు. ఆమె కోసం మామింట్ల ఏడేండ్లు చాకిరి చేసిండు. ఇగ పెండ్లి. ఫంక్షన్ హాల్, బిర్యానీ, అంత జబర్దస్త్. పెండ్లిపిల్లకు ముసుగేసి కూసోబెట్టిండ్రు. తెల్లారి ముసుగు తీస్తే లోపట ఎవరున్నరు? రేపు చెప్త.”

కెజియా నాయనమ్మ సక్కుబాయి గోడకు అవతల బియ్యం చెరుగుతోంది. ఆమె చేట ఆగిపోయింది. ఇద్దరు బిడ్డలు, పెద్దదానికి చూపు ఆనదు, చిన్నదానికి పెళ్లి. ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారు? ఏడేండ్ల చాకిరీ ఒక్కటే కొలతకు రాలేదు. సంబంధం కుదిరి ఏడు వారాలైంది కాబట్టి, పిల్ల తప్పు చెప్పి ఉంటుందని అంతమేర కత్తిరించింది. జరిగిపోయినట్టు చెప్పిందాన్ని జరగబోయేదిగా తిప్పుకుంది. చిన్నదాని ముసుగులో పెద్దదాన్ని కూర్చోబెడతారన్న వార్త చక్కగా సరిపోయింది.

మర్నాడు ఆరాంఘర్ వైపు పోతూ ఆ వార్తను నసీరుద్దీన్ ఆటోలో దింపింది. నసీరుద్దీన్ కబుర్లు మోసే మనిషి కాదు. కానీ మొన్ననే ఈశ్వరయ్య ఇంటికి బట్టల మూట తెచ్చింది అతని ఆటోలోనే. ఆ మూటలో ఒకేలాంటి తెల్ల చీరలు రెండు ఉండటం అతను చూశాడు. ఒకటి పెళ్లికూతురికి, ఒకటి తోడుపెళ్లికూతురికి. ఆ లెక్క అతనికి తెలియదు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, ఒక ఇల్లు మోసపోతుంటే చూస్తూ ఊరుకోవడం పాపమనుకుని, నేరుగా మల్లేశ్వర్ గుమ్మం ముందు ఆటో ఆపాడు.

మల్లేశ్వర్ బయటపడకుండా కుర్మయ్యకు ఫోన్ చేసి, ప్రధానం నాడు పెద్దమ్మాయిని ఇంట్లోనే ఉంచమని మాత్రం చెప్పాడు. కారణం చెప్పలేదు. ఏదో పట్టింపు కాబోలనుకుని కుర్మయ్య ఆ మాటను ఎంతో మెత్తగా ఈశ్వరయ్యకు అందించాడు. ఈశ్వరయ్యకు అది మెత్తగా తగల్లేదు. తన పెద్దబిడ్డ కంటికి అపశకునమా అని మండిపడ్డాడు. పెద్దమ్మాయి మాత్రం పెళ్లికి దాచిన తెల్లచీరను ప్రధానానికే కడతానని, చెల్లెలి పక్కనే కూర్చుంటానని చెప్పి డ్యూటీకి పోయింది.

ఆదివారం ఆరాధన ముగిసింది. రెండో ఆరాధన ఉన్న ఊరికి పాస్టరు బయలుదేరారు, భోజనాల వేళకు వచ్చేస్తారు. చర్చి ముందు టెంటు కింద కుర్చీలు వేశారు. ఈశ్వరయ్య కూతుళ్లిద్దరూ ఒకే రంగు చీరల్లో, తలమీద కొంగులతో పక్కపక్కన వచ్చి కూర్చున్నారు. మల్లేశ్వర్ పదిమంది బంధువులతో లోపలికి వచ్చి, ఆ ఇద్దరినీ చూసి, తెచ్చిన పండ్ల బుట్ట కింద పెట్టకుండానే ఆగిపోయాడు.

“గిది మోసం. పెద్దబిడ్డను మాకు అంటగట్టాలని చూస్తున్నరు. కుర్మన్నా, నీకు తెల్వకుంట గిట్లయితదా?”

ఈశ్వరయ్య కుర్చీ వెనక్కి పడేట్టు లేచాడు. కుర్మయ్య ఇద్దరి నడుమా చేరి, ఈ మాట ఎక్కడిదని అడిగాడు. మల్లేశ్వర్ నసీరుద్దీన్‌ను చూపించాడు. జరగబోయేది చూడటానికి అతను గేటు దగ్గరే ఆటో పెట్టుకుని ఉన్నాడు. అతను సక్కుబాయిని చూపించాడు. సక్కుబాయి తన మనవరాలిని చూపించింది. కెజియా లేచి నిలబడి, ఇంకెవరినీ చూపించలేక కుర్మయ్యను చూసింది. పాడైన సరుకును ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే చివరికి తన షాపే తేలినప్పుడు వ్యాపారి ముఖం ఎలా ఉంటుందో, అప్పుడు కుర్మయ్య ముఖం అలా ఉంది.

“మామా, అది మన గల్లీ ముచ్చట కాదు,” అంది కెజియా మల్లేశ్వర్‌తో. “బైబిల్ల మొదటి పుస్తకం, ఇరవై తొమ్మిదో అధ్యాయం. ముసుగు, ఫంక్షన్ హాలు, బిర్యానీ నేను కలిపిన. మిగిలిందంత ఉన్నదే.”

ఎవరూ నమ్మలేదు. బైబిల్లో ఇలాంటి మోసాలు ఉంటాయా అని మల్లేశ్వర్ గద్దించాడు. ముప్పై ఏళ్లుగా ముందు వరుసలో కూర్చుంటున్న పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉంటాయని గానీ ఉండవని గానీ గట్టిగా చెప్పగలిగినవాడు ఆ వరుసలో లేడు. కుర్మయ్య నోరు తెరిచేలోపే క్లాసు పిల్లలు పదకొండు మందీ గులాబీరంగు సంచుల జిప్పులు తీశారు. ఈసారి దువ్వెనలు రాలేదు.

అంతటితో అంకె చూపించి కూర్చుంటే గొడవ తీరిపోయేది. కానీ కెజియాకు కథ సగంనుంచి చెప్పడం చేతకాదు.

“ఆ పిలగాడు మోసపోయిండని బాధపడుతున్నరు గదా. ముందు ఆయన సంగతి ఇనాలె. ఇరవై ఏడు తీయుండ్రి.”

చెప్పడం మొదలుపెట్టింది. ఆ పెళ్లికొడుకుకు ఒక అన్న ఉన్నాడు. తండ్రికి చూపు సరిగా లేదు. పెద్దకొడుక్కి దక్కాల్సిన దీవెన చిన్నకొడుక్కి ఇప్పించాలని ఇంట్లోవాళ్లే ఉపాయం పన్నారు. అన్న బట్టలు తమ్ముడికి తొడిగారు. తమ్ముడు వెళ్లి, నేనే పెద్దోన్ని అని నిలబడ్డాడు. తండ్రి తడిమి చూశాడు. బట్టల వాసన చూశాడు. నమ్మాడు. టెంటు కిందికి వంటవాళ్లు గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. నసీరుద్దీన్ ఆటోలో గిరాకీ ఎక్కి కూర్చుంటే, జర ఆగమని సైగ చేశాడు.

“గందుకే తర్వాత పెండ్లిల ఆయనకు గట్లయింది,” అని ముగించింది కెజియా. “అన్న బట్టలేసుకొని పోయినోనికి, అక్కను కట్టబెట్టిండ్రు. లెక్క సరి.”

పండ్ల బుట్ట మల్లేశ్వర్ చేతిలోంచి నేలమీదికి దిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బంధువుల్లో ఒకాయన దగ్గాడు. అందరికన్నా వెనక నిలబడిన జీవన్ తన అన్న అరవింద్ వైపు చూశాడు. అరవింద్ నేలచూపులు చూశాడు. జీవన్ ముందుకొచ్చాడు.

“పిల్లకు ఎవరు చెప్పిండ్రో నాకు తెల్వదు,” అన్నాడు. “చెప్పింది నిజమే. చూపులనాడు నేనేసుకున్నది మా అన్న కోటు. పర్మినెంటు ఉద్యోగం ఆయనది. నేను పార్కింగుల ట్రాలీలు తోస్త, కాంట్రాక్టు పని. బాపు చెప్పుమన్నడు, నేను చెప్పిన. తప్పు నాది.”

తనకు ఎవరూ ఏమీ చెప్పలేదని కెజియా అనబోయింది గానీ, వినేవాళ్లు లేరు. కుర్మయ్యకు కోటు చేతులు గుర్తొచ్చాయి. ప్రతి పెట్టెనూ తిరగేసి మరీ కొనే మనిషి, ఒక మనిషిని కొలత చూడకుండా సిఫారసు చేశాడు. పదిహేనేళ్ల పిల్ల, సంగతే తెలియకుండా, వాక్యం ఒక్కటే చేతిలో పెట్టుకుని కొలిచి చూపించింది. ఆరు నెలలుగా అతను ఆ పుస్తకాన్ని పిల్లలకు నచ్చేలా చేద్దామని తంటాలు పడ్డాడు. ఆ పుస్తకానికి తన సాయం అవసరం లేదని, పిల్లలకు తన సంచులు అవసరం లేదని ఆ టెంటు కింద అతనికి తెలిసింది. సిగ్గుగా ఉంది, గర్వంగానూ ఉంది. రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాడు.

ఈశ్వరయ్య సంబంధం వద్దనబోయాడు. అప్పుడు మనీషా మొదటిసారి నోరు విప్పింది, జీవన్‌తో కాదు, కెజియాతో.

“గా పిలగాడు తర్వాత ఏంజేసిండు? ఇడిచిపెట్టి పోయిండా?”

“పోలే అక్కా. చిన్నామె కోసం మళ్ల ఇంకో ఏడేండ్లు చేసిండు.”

మనీషా అక్క వైపు చూసింది. పెద్దమ్మాయి కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని జీవన్‌ను కిందినుంచి పైదాకా నిదానంగా చూసింది. ఇంతమందిలో తన తప్పు తానే చెప్పుకున్నవాణ్ని ఒక్కరోజులో కొట్టేయొద్దని తండ్రితో అంది. ఏడేండ్లు అక్కర్లేదు, ఏడు వారాలు చాలు, ప్రతి ఆదివారం తన పని బట్టల్లోనే చర్చికి రావాలి, అప్పుడు మాట్లాడదాం. మల్లేశ్వర్ ఏదో అనబోతే, మీ పెద్దకొడుకు కోటు మాత్రం పంపకండి అంది. భోజనాలు వండేశారు కాబట్టి అందరూ తిన్నారు.

జీవన్ ఏడు వారాలూ ట్రాలీ పని చొక్కాతోనే వచ్చాడు. ఆడపిల్లల క్లాసు పక్క కుర్చీల్లోకి మొదటి వారమే ముందువరుస పెద్దమనుషులు ఇద్దరు చేరారు. తర్వాత సక్కుబాయి వచ్చింది. నసీరుద్దీన్ గేటు దగ్గర ఆటోలోంచే విన్నాడు. క్లాసు కెజియాకు అప్పజెప్పి, కుర్మయ్య చివరి వరుసలో కూర్చుని, ఆమె ఎక్కడ ఆపుతుందో చూసి నేర్చుకోసాగాడు. కొత్త షరతు ఒక్కటే పెట్టాడు. ఇకమీదట పేర్లు చెప్పాలి.

కోతలు అయిపోయాక పెళ్లి జరిగింది. ప్రమాణాలకు ముందు పాస్టరు ముసుగు తీయమన్నారు. పెళ్లికూతురి ముఖం చూసింది జీవన్ ఒక్కడే, మిగతా చర్చి అంతా అతని కోటు చేతుల పొడవు చూసింది.