వంటగదికి లోబడిన వరండా

మా ఆనందరావు అన్నయ్యకి ఇంటి ముందు వరండా కట్టించాలని కోరిక పుట్టింది. ఆయన వరండాతో నీకేం పని అంటారేమో. అందులో నాకూ ఒక పడక కుర్చీ వేయిస్తానని మాటిచ్చేడండి. అందుకని అది నా సొంత విషయం కూడా.

అన్నయ్యంటే తోడబుట్టినాయన కాదు, పక్కింటాయన. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. కాయలు లోడు చేయించేటప్పుడు ఆయన కేకేస్తే లారీకి హారన్ కొట్టాల్సిన పని ఉండదు. ఆ గొంతు సొంత గుమ్మం దాటి లోపలికెళ్లిందో, వెన్నపూసైపోద్ది. లోపల దేవకృప వదిన ఉంటుంది మరి. అంగన్‌వాడీ టీచరు. ఊళ్లో ఉన్న పసిపిల్లలందర్నీ ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషికి మా అన్నయ్య ఒక లెక్కా.

వదినకి కావలసింది వంటగది. ఇప్పుడున్నది పెరట్లో రేకుల షెడ్డు. తెచ్చిన ఇటుకా సిమెంటూ రెంటికీ చాలవు. వరండా కడితే వంటగది లేదు, వంటగది కడితే వరండా లేదు.

అన్నయ్య నేరుగా మా పాస్టరు జ్ఞానప్రకాశం గారి దగ్గరికెళ్లేడు. భార్యలు భర్తలకి లోబడాలన్న వాక్యం ఈ ఆదివారం చెప్పమని బతిమాలేడు. తన కోసం కాదట, సంఘం మేలు కోసమట. పాస్టరుగారు "ఆయ్, తప్పకుండానండి" అన్నారు.

ఆదివారం చర్చిలో నేను డోలక్ దగ్గర కూర్చున్నాను కాబట్టి అందరి ముఖాలూ కనపడుతున్నాయి. పాస్టరుగారు ఆ వాక్యం చదవగానే అన్నయ్య మెడ సారసపక్షిలా సాగింది. ఆడవాళ్ల వైపు తిరిగి, వింటున్నావా అన్నట్టు కళ్లెగరేసేడు. వదిన బుద్ధిగా వింటోంది.

పాస్టరుగారు అక్కడ ఆగితే బాగుండేది. దానికి ముందు, ఇద్దరూ ఒకరికొకరు లోబడమని ఉందన్నారు. తర్వాతేమో, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భర్త భార్యని ప్రేమించాలని ఉందన్నారు. మగాళ్లు ముందుదీ వెనకదీ వదిలేసి మధ్యలోది మాత్రం బట్టీపడతారని కూడా అన్నారు. అన్నయ్య మెడ పొట్టిదైపోయింది.

"లోబడ్డం ఇద్దరి మధ్యా పందెం లాంటిదండి. ముందు తగ్గినవాళ్లే గెలిచినట్టు" అని ముగించేరు.

పందెం అన్న మాట వినపడితే మా ఊళ్లో ఎవరూ కుదురుగా ఉండలేరు. ఆ సాయంత్రం నుంచీ పక్కింట్లో కొత్తరకం యుద్ధం మొదలైంది. నిన్నటిదాకా వరండా అన్నాయన వంటగది అంటున్నాడు. వంటగది అన్నావిడ వరండా అంటోంది.

"నా మాట విను. నీకు వంటగదే కట్టిస్తాను."

"వద్దండి. మీ మనసులో ఉన్నది వరండా. నేను మీ మనసుకి లోబడతాను."

"నా మనసు సంగతి నీకెందుకు? మాటకి లోబడు."

కూర దగ్గరా ఇదే గొడవ. వంకాయా, దొండకాయా అంటే నీ ఇష్టమని ఈయన, మీ ఇష్టమని ఆవిడ. ఎవరూ తేల్చక, ఇద్దరూ ఆవకాయతో గడిపేసి, ఆ ఆవకాయ కూడా ముందు నువ్వంటే ముందు మీరని జాడీ జరుపుకుంటూ కూర్చున్నారు.

ఒకరోజు అన్నయ్య మా ఇంటికి పరిగెత్తుకొచ్చేడు. ముఖం వెలిగిపోతోంది. తను వంటగది అన్నప్పుడల్లా వదిన వరండా అంటోంది కదా. శంకుస్థాపన రోజున పదిమందిలో గట్టిగా వంటగది అంటాట్ట. వదిన వరండా అని పట్టుబడుతుందట. అప్పుడు తను తలొంచి సరే అంటాట్ట. వరండాకి వరండా, పేరుకి పేరు. ఇంత తెలివి ఈయనకెక్కడిదా అని నాకే అనుమానమొచ్చింది. అయినా పడక కుర్చీ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. మేస్త్రి శివశంకర్ మనుషుల్తో దిగేడు. పాస్టరుగారు ప్రార్థన చేసేరు. స్త్రీల సమాజం వాళ్లు పాట పాడేరు. నేను డోలక్ దంచేను. పునాదికి ముగ్గు ఎక్కడ పోయాలో చెప్పమని మేస్త్రి అడిగేడు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. లారీల దగ్గర వేసే గొంతే. తన కోరిక పక్కన పెట్టేనన్నాడు. భార్య సుఖమే తన సుఖమన్నాడు. "కాబట్టి, వంటగదే కట్టండి" అని, వదిన వైపు తిరిగి ఎదురుచూసేడు.

వదిన కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తలొంచింది.

"ఇంటాయన మాటకి లోబడాలి కదండీ. వంటగదేనండి."

పాస్టరుగారు "ఆమెన్" అన్నారు. అందరూ "ఆమెన్" అన్నారు. అలవాటు కొద్దీ అన్నయ్య కూడా "ఆమెన్" అనేశాడు. ఆ తర్వాత ఆయన వరండా అనే మాటలో 'వ' దాకా వచ్చేడు గానీ, ఇలాంటి భర్త ప్రతి ఇంటికీ ఉండాలని పాస్టరుగారు ఆయన్ని కౌగలించుకునేసరికి మిగతా అక్షరాలు లోపలే ఉండిపోయాయి. ఎవరో వీడియో తీసి సంఘం వాట్సాప్‌లో పెట్టేశారు. గునపం పెరట్లో దిగింది. నా పడక కుర్చీ కూడా అక్కడే భూస్థాపితమైంది.

మర్నాడు షెడ్డు విప్పడానికి ముందు సామాన్లు బయటికి తేవాలి. అన్నయ్య మూతి ముడుచుకునే లోపలికెళ్లేడు. వెళ్తూనే రేకు అంచు నుదుటికి కొట్టుకుంది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన పెనం బోర్లించినట్టుంది వేడి. రెండు డబ్బాలు తెచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. గుమ్మం దగ్గర కూలబడి వదిన వైపు చూసేడు. ఈసారి గొంతు లారీలదీ కాదు, వెన్నపూసదీ కాదు.

"ఇందులో ఇన్నేళ్లూ ఎలా నిలబడ్డావు?"

"నిలబడలేదండి. వంగే ఉన్నాను" అంది వదిన. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

అన్నయ్య తలెత్తి ఆ రేకుల కప్పుకేసి చూసేడు. తర్వాత లేచి మేస్త్రిని పిలిచేడు. పైకప్పు ఎత్తు పెంచమన్నాడు, రెండు కిటికీలు పెట్టమన్నాడు. చోటు చాలదంటే, తను మధ్యాహ్నం కునుకు తీసే మంచం ఉన్న పక్క గది గోడ పడగొట్టి కలిపేయమన్నాడు. ఎవరూ అడగలేదు, వీడియో తీసేవాళ్లూ లేరు. వదిన మాత్రం కొంగుతో ఆయన నుదురు తుడిచింది.

వంటగది పూర్తయ్యేక చూడ్డానికెళ్లేను. కల్యాణమండపంలా ఉంది. అన్నయ్య గర్వంగా అటూ ఇటూ నడిచి చూపిస్తున్నాడు. ఇంత పెద్దది కట్టించుకున్నాక ఇద్దరం కలిసే పనిచేసుకోవచ్చని వదిన సంతోషపడింది. అన్నయ్య నడక ఆగింది.

వదిన రొయ్యల గిన్నె తెచ్చి కింద పెట్టింది.

"ఏమండీ, మీ మాటే నా మాట. ఇవి పీట మీద కూర్చుని వలుస్తారా, నేల మీదా? మీరెలా అంటే అలాగే."

అన్నయ్య నా వైపు చూసేడు. నేను గుమ్మం వైపు చూసేను.

"పీట" అన్నాడు అన్నయ్య, చిన్నగా.

"ఆయ్" అని వదిన ఒక పీట వేసింది. నన్నో చూపు చూసి, పక్కనే ఇంకోటి వేసింది.