స్టాండు మొలిచిన పిల్ల

కాకినాడలో రోజూ సైకిలు మీద ఆఫీసుకెళ్ళేవాళ్ళకి ఎడమ మడమ పక్కన ఇనప స్టాండు మొలవడం మామూలే కాబట్టి, మంగతాయారు కూతురు ఝాన్సీకి మొలిచినప్పుడు వార్డు ఆస్పత్రిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నర్సు దాన్ని కిందికి దించి, పైకి తన్ని చూసి, స్ప్రింగు బాగానే ఉందని, అప్పుడప్పుడూ చుక్క నూనె వెయ్యమని చెప్పి పంపేసింది.

మంగతాయారుకి మాత్రం గుండె జారిపోయింది. బస్సులో తోపులాటెందుకని సైకిలు కొనిపించింది తనే. అప్పుడు లారీల గురించి భయపడింది గానీ, ఇలాంటిదొకటి వస్తుందని ఏ తల్లికి తడుతుంది? స్టాండు వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూచోరు. కాస్త ఎడమకి ఒరిగి, వరసగా నిలబడి మాట్లాడుకుంటారు. ఝాన్సీ భోజనం కూడా అలాగే చేస్తోంది. ఆదివారం పొద్దున్నే తనలాంటివాళ్ళతో ఉప్పాడ దాకా పోయి, టీ తాగి, ఎదురుగాలి గురించి మాట్లాడుకుని వస్తోంది. పెళ్ళిచూపులకొచ్చిన అబ్బాయిని చైనుకి ఏ నూనె వాడతారని అడిగింది. పాపం, అతను కారులో వచ్చాడు.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకునేదే. కానీ నిబంధన ప్రకారం, ఏడాది తిరిగేసరికి స్టాండు ఉన్నవాళ్ళని ఇంటినుంచి సైకిలు విభాగం షెడ్డుకి మార్చేస్తారు. రేకుల కప్పు, ఇనప కడ్డీ, రాత్రికి తాళం. ఈలోగా ఇంటివాళ్ళు అభ్యంతరం చెప్పుకుంటే స్టాండు తీసేస్తారు. చెప్పుకుని తీరాలనుకుంది మంగతాయారు.

ఆ విభాగం గేటులోంచి సైకిలు మీద వచ్చినవాళ్ళనే లోపలికి పంపుతారు. ఆంజనేయస్వామికి మొక్కుకుని, మోచేతులు చెక్కుకుపోయేలా పడి లేచి, ఆ వయసులో సైకిలు నేర్చుకుందావిడ. కుచ్చిళ్ళు చైనులో పడి ప్రాణం పోతుందేమోనని బొడ్లో దోపుకుంది. గుమాస్తా మర్యాదస్తుడు. సారు క్యాంపుకెళ్ళారు, రేపు రండి అన్నాడు. మర్నాడూ అదే మాట. వానైనా ఎండైనా ఆవిడ మానలేదు. వరసలో ఉన్నవాళ్ళు సీటు కొంచెం ఎత్తించుకోమన్నారు. ఎత్తిస్తే నిజంగానే మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఆమె వాళ్ళకి, టైర్లలో గాలి చూసుకోకపోతే ఎక్కడో నడిరోడ్డు మీద కొంప మునుగుతుందని చెప్పింది.

ఎట్టకేలకు ఆఫీసరు దొరికాడు. అంతా శ్రద్ధగా విని, ఆమె పాదాల వైపు చూశాడు.

"మీరూ మావాళ్ళేనమ్మా. మావాళ్ళ మీద మావాళ్ళు అభ్యంతరం చెప్పకూడదు. ఇంట్లో స్టాండు లేనివాళ్ళెవరన్నా ఉన్నారా?"

ఇంతసేపూ కుర్చీ ఎదురుగా ఉన్నా తను కూచోలేదని మంగతాయారు అప్పుడే గమనించింది.

"మా ఆయనున్నారండి."

"అయితే ఆయన్ని రమ్మనండి. సైకిలు మీద."

భర్త వీర్రాజు, పిల్ల హాయిగానే ఉంది కదే, వదిలెయ్యమన్నాడు.

"షెడ్డులో పెట్టి తాళం వేస్తారండీ. మీకు చీమ కుట్టినట్టయినా లేదు," అందావిడ.

మర్నాడు ఎదురుగాలి లేవకముందే ఆయన్ని బయల్దేరదీసింది. సందు మలుపులో తూలితే ప్రాణం గిలగిల్లాడింది గానీ వెనక్కి పిలవలేదు. మధ్యాహ్నం ఆయన చెమటలు కక్కుతూ వచ్చి, రేపు రమ్మన్నారన్నాడు.

మంగతాయారు ఆయనకి మజ్జిగ ఇచ్చి, దేవుడి గదిలో జపం చేసుకుంటున్న అత్తగారి దగ్గరికి వెళ్ళింది. ఒకసారి లేచి నిలబడమని, సీటు ఎంత ఎత్తులో పెట్టించాలో చూడ్డానికి ఆవిడ కాలు కొలుచుకుంది.