ఏడు తరాల దీవెన

ఒక పెద్ద అడవిలో తిట్లకి కూడా ఒక పద్ధతి ఉండేది.

అక్కడ నల్లమద్ది చెట్టు చిటారుకొమ్మన పోలమ్మ అనే ముసలి కొండముచ్చు కాపలా కాసేది. చిరుత ఎటునుంచి వచ్చినా ముందు ఆమె కంటనే పడేవాడు. పడగానే ఆమె తిట్లు లంకించుకునేది. ఊరికే అరిస్తే ఎవరికీ ఏమీ తెలియదు గనక, తిట్టులోనే దూరం చెప్పేది. చిరుతనొక్కణ్నే తిడితే వాడు వాగు అవతల ఉన్నట్టు. వాడి అబ్బను కూడా తిడితే వాగు దాటినట్టు. తాత దాకా వెళ్తే పక్కన గడ్డి కదులుతున్నట్టు. ఏడు తరాలూ కలిపి తిడితే ఇక వెనక్కి చూడకుండా పరుగెత్తాలి. జింకపిల్లలు సరిగ్గా నడవడం రాకముందే ఈ లెక్క నేర్చుకునేవి.

వెన్నెల అనే చుక్కల జింకకు ఈ లెక్క విలువ అందరికంటే ఎక్కువ తెలుసు. పోయినేడు పోలమ్మకు గొంతు బొంగురుపోయి మూడురోజులు మాట రాలేదు. ఆ మూడురోజుల్లోనే వెన్నెల తన పెద్దపిల్లను పోగొట్టుకుంది. ఇప్పుడు మిగిలింది బొట్టు ఒక్కతే. పోలమ్మ తిట్లు వినబడుతుంటేనే వెన్నెలకు గడ్డి గొంతు దిగేది.

ఆ అడవి సభకు అధ్యక్షుడు భల్లూకయ్య అనే ఎలుగుబంటి. ఒకరోజు నిండు సభలో పోలమ్మ ఆయన్ని పట్టుకుని తేనెదొంగ సచ్చినోడా అనేసింది. అది అబద్ధమని ఆయన కూడా అనలేదు. మూతికి తేనె ఇంకా అంటుకునే ఉంది. కానీ మాట పడ్డందుకు మూడురోజులు గుహలోంచి బయటికి రాలేదు. నాలుగోరోజు వచ్చి, అడవిలో భాష పాడైపోతోందని, పసిపిల్లల భవిష్యత్తు కోసం ఏదో ఒకటి చేయాలని ప్రకటించాడు. నేను చూసినంతలో పెద్దవాళ్ల సిగ్గు కప్పుకునే పనులన్నీ పసిపిల్లల పేరు మీదే మొదలవుతాయి.

కార్యదర్శి నకులరావు అనే ముంగిస. ఆయన పది రోజులు కలుగులో కూర్చుని మృదుభాషా పథకం రాసుకొచ్చాడు. ప్రతి జంతువూ రెండు చెవుల్లో బూరుగుదూది పెట్టుకోవాలి. ప్రతి జంతువు నెత్తినా ఒక గోరింక కూర్చుంటుంది. బయటి మాట గోరింక వింటుంది, అందులో చెడ్డమాట ఉంటే తీసేసి మంచిమాట పెడుతుంది, దూది కాస్త పక్కకు జరిపి లోపల చెబుతుంది. నాలుగువందల పన్నెండు చెడ్డమాటలకు సరిపడా మంచిమాటలు సభవారే ఇచ్చారు. దొంగ అంటే దాత. సన్నాసి అంటే మహానుభావుడు. గోరింకలకు జీతం, ఎవరి నెత్తిన కూర్చుంటే వారి పేలు.

మా చెవిలో పువ్వు పెడుతున్నారా అని ఒక కుందేలు అడిగింది. పువ్వు కాదు, దూది అని నకులరావు సవరించాడు. దూది తీసేసినవారికి వాగుపక్క పచ్చికలో మేత హక్కు రద్దు అని కూడా చెప్పాడు. ఎండాకాలం, ఇంకెక్కడా పచ్చగడ్డి లేదు. అందరూ చెవులొగ్గారు.

నిజం చెప్పాలంటే పథకం నచ్చినవాళ్లూ లేకపోలేదు. అడవిపంది ఆనందంతో ఏడ్చేసింది. దాని పేరే ఒక తిట్టు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాన్ని వరాహమూర్తిగారూ అని పిలవడం వినబడింది. పాపం, ఆ సంతోషాన్ని నేను కాదనలేను.

పథకం అందరికీ వర్తిస్తుంది గనక చిరుతకూ ఒక గోరింకను పంపారు. వాడు దాన్ని తినేశాడు. రెండోదాన్నీ తినేశాడు. మూడోది మాత్రం చాలా మెత్తగా మాట్లాడుతుందని ఉంచుకున్నాడు.

ఐదోరోజు పొద్దున వెన్నెల బొట్టుతో మేస్తుండగా పోలమ్మ చెట్టుమీంచి అందుకుంది. "ఒరే మచ్చల మొహమోడా, నీ తాడు తెగ. మళ్లీ దాపురించావట్రా. నీ అబ్బ కాళ్లిరగ, నీ తాత కడుపు మాడ."

వెన్నెల నెత్తి మీది గోరింక దాన్ని శ్రద్ధగా లోపలికి చేరవేసింది. "ఓ చక్కని మొహమువాడా, నీ ఆయువు పెరగ. మళ్లీ విచ్చేశావా నాయనా. మీ నాన్నగారి కాళ్లు చల్లగుండ, మీ తాతగారి కడుపు నిండ."

పోలమ్మ మనవరాలి పెళ్లి కాబోలు అనుకుంది వెన్నెల. బొట్టు మొహం నాకి శుభ్రం చేసి, మగపెళ్లివారు వస్తున్నారు, దారికి అడ్డం రాకుండా నిలబడమంది. తల్లీబిడ్డా అలా ఒద్దికగా నిలబడి ఉండగా గడ్డిలోంచి చిరుత లేచాడు.

వాడూ అదే విన్నాడు. వాడి తాత కడుపు గురించి అంత ఆప్యాయంగా మాట్లాడినవాళ్లు అంతవరకూ లేరు. కళ్లు చెమర్చి, చెట్టువైపు తిరిగి ఒక నమస్కారం పెట్టాడు. ఆ రెప్పపాటులో వెన్నెల వాణ్ని చూసింది. బొట్టు ప్రాణం దక్కింది, తోక దక్కలేదు.

వెన్నెల ఆయాసపడుతూ సభ దగ్గరికి పరుగెత్తింది. మీ పథకం తగలెయ్య, నా బిడ్డ చచ్చేది కదయ్యా అని భల్లూకయ్య ముందు ఏడ్చింది. ఆయనకు మీ పథకం కలకాలముండ, నా బిడ్డ బతికింది కదయ్యా అని వినబడింది. ఆ తల్లి కన్నీళ్లు చూసి ఆయన చాలా కదిలిపోయి, లబ్ధిదారుల అభిప్రాయాల కింద రాసుకోమని నకులరావుకు చెప్పాడు.

ఆ వారంలో ఇంకా నలుగురి పిల్లలు పోయారు. అడవంతా భగ్గుమంది. దుప్పులూ కణుజులూ కుందేళ్లూ సభరాయి చుట్టూ మూగి, పథకం నశించాలి, అధ్యక్షుడు దిగిపోవాలి అని అరిచాయి. భల్లూకయ్యకు పథకం వర్ధిల్లాలి, అధ్యక్షుడు పైకెక్కాలి అని వినబడింది. ఆయన మొహమాటపడుతూనే రాయి ఎక్కి చేతులూపాడు.

అంతకంటే అన్యాయం కింద జరిగింది. అరుస్తున్నవాళ్ల నెత్తినా గోరింకలున్నాయి. పక్కవాడు వర్ధిల్లాలి అంటున్నట్టు ప్రతివాడికీ వినబడింది. నువ్వెప్పుడు అమ్ముడుపోయావురా అని దుప్పి కణుజును నిలదీసింది. నువ్వెప్పుడు గొప్పవాడివయ్యావయ్యా అని కణుజుకు వినబడింది. వెక్కిరిస్తోందనుకుని కణుజు కుమ్మింది. సాయంత్రానికి ఉద్యమంలో కొమ్ములు తప్ప ఏమీ మిగల్లేదు.

నెలాఖరున గోరింకలు లెక్క తేల్చాయి. అడవిలో ఎక్కువ దీవెనలు అందుకున్నవాడు చిరుత. రెండోస్థానం అధ్యక్షులవారిది. ప్రజాదరణ ఇంత ఉన్నవాణ్ని గౌరవించకపోతే బాగుండదని చిరుతకు సన్మానసభ పెట్టారు. ముఖ్య అతిథికి దండ వేయడానికి లబ్ధిదారు కూతురు బొట్టును ఎంపిక చేశారు. రానంటే పచ్చిక పోతుంది.

పచ్చిక లేకపోతే బొట్టు వారం బతకదు. పచ్చిక కోసం సభకు పోతే రేపే బతకదేమో. వెన్నెల రాత్రంతా ఆలోచించి, పొద్దున బిడ్డను తీసుకుని సభకు వెళ్లింది. కానీ ఎడమచెవిలో దూది తీసేసి, కనబడకుండా ఆకు కప్పుకుంది.

వేదిక మీద చిరుత కూర్చున్నాడు. సభ నిండుగా ఉంది. బొట్టు అడవిమల్లె దండ నోటకరుచుకుని మెట్లెక్కుతోంది. అప్పుడు నల్లమద్ది మీంచి పోలమ్మ గొంతు లేచింది. ముసలిది అప్పటికే నెలరోజులు తిట్టి తిట్టి, ఒక్క జంతువూ కదలకపోవడం చూసి చూసి, సగం చచ్చి ఉంది. అయినా తిట్టింది. చిరుతను తిట్టింది, వాడి అబ్బను తిట్టింది, తాతను, ముత్తాతను తిట్టింది. వెన్నెల ఒక చెవితో తరాలు లెక్కపెడుతోంది. అయిదు. ఆరు.

"మీ ఏడు తరాలూ మట్టిగొట్టుకుపోనూ."

వెన్నెల ఒక్క గెంతులో వేదిక ఎక్కి, బిడ్డను తలతో ఒక్క తోపు తోసింది. తల్లీబిడ్డా వాగు దాటేదాకా వెనక్కి చూడలేదు. దండ మాత్రం మెట్టు మీద పడిపోయింది.

కార్యక్రమం ఆగకూడదని నకులరావు కంగారుపడ్డాడు. భల్లూకయ్య పెద్దమనసుతో తానే వంగి దండ తీసుకున్నాడు. ఆయన చెవిలో మీ ఏడు తరాలూ పచ్చగుండ అని మోగుతోంది. అది తనకేననుకుని, కళ్లు మూసుకుని, చిరుత ముందు తల వంచాడు. చిరుత కళ్లు మళ్లీ చెమర్చాయి. కానీ పొద్దుటినుంచి వాడేమీ తినలేదు.

భల్లూకయ్య చచ్చాను బాబోయ్ అని అరిచాడు. సభకు చల్లగున్నాను బాబోయ్ అని వినబడింది. చప్పట్లు మారుమోగాయి. ఆయన బతికి బట్టకట్టాడు గానీ, రెండు చెవులూ దూదితో సహా వేదిక మీదే ఉండిపోయాయి. చప్పట్లు కొట్టినవాళ్లు ఆ చెవులు చూశాక ఎవరి దూది వాళ్లు పీకేసుకున్నారు. నకులరావు మాత్రం రికార్డులో ఇలా రాశాడు: అధ్యక్షులవారి విషయంలో పథకం సంపూర్ణంగా విజయవంతమైంది, ఇక ఆయనకు ఏ చెడ్డమాటా వినబడదు.

పోలమ్మ ఇప్పటికీ తిడుతూనే ఉంది. వెన్నెల ఇప్పటికీ ఆ తిట్లు వింటూ నిశ్చింతగా మేస్తూనే ఉంది.

నీతి: ఎవరైనా మిమ్మల్ని ఏడు తరాలు కలిపి దీవిస్తే, ఆగి దండం పెట్టకండి, పరుగెత్తండి.